దివంగతుల గ్యాలరీ

మా చిలకలేరులో కబడ్డీ పోటీలు చూడడానికి జనం రావడం లేదన్న సంగతి పైవాళ్ళ దృష్టికి వెళ్ళింది. మా కష్టాలన్నీ అక్కడ మొదలయ్యాయి.

అంతకుముందు జనం రాకపోయినా ఆట జరిగేది. నా మనవరాలు రామతులసి కూతకు వెళ్ళేది. ఒక్క ఊపిరిలో కబడ్డీ కబడ్డీ అంటూ అవతలి జట్టులోకి దూరి, ఇద్దరినో ముగ్గురినో తాకి, నడిమి గీత దాటి ఇవతలికి వచ్చేది. గోడ పక్క నీడలో కూర్చుని నేనూ, వేరుశనగకాయలు అమ్మే ఆయనా చూసేవాళ్ళం. ఒక్కోసారి ఆయన నిద్రపోయేవాడు. నాకు మాత్రం కన్ను మూతపడేది కాదు. ఆ పిల్ల గీత దాటి వెళ్ళిన ప్రతిసారీ తిరిగి వస్తుందో రాదో అని చేతికర్ర బిగించి పట్టుకునేదాన్ని. వచ్చాక వదిలేదాన్ని. పదిహేడేళ్ళ పిల్లకి అది ఆట. నాకు రోజుకు ఇరవై వీడ్కోళ్ళు.

అటువంటి రోజుల్లో మా జిల్లాకు క్రీడా వికాస అధికారిగా చంద్రభాను గారు వచ్చారు. వచ్చిన వారానికే ఆయనకు పచ్చకామెర్లు సోకాయి. అతిథి గృహంలో ఇరవై రోజులు మంచం మీద ఉన్నారు. గదిలో టీవీ ఉంది. రిమోట్ పనిచేయదు. అంతకుముందు దిగినవాళ్ళు పెట్టి వెళ్ళిన ఛానెల్ ఒక్కటే వస్తుంది. ఆ ఛానెల్లో పొద్దస్తమానం విదేశాల ఆటల సినిమాలు తెలుగులో మాట్లాడుతూ ఉంటాయి. వాటిలో ఎక్కువ భాగం అమెరికా వాళ్ళ ఫుట్‌బాల్ సినిమాలు.

అవి మా ఇంట్లోనూ వస్తాయి కాబట్టి నేనూ చూశాను. బంతి గుండ్రంగా ఉండదు, దోసకాయలా ఉంటుంది. పేరు ఫుట్‌బాల్ గానీ కాలితో తన్నేది తక్కువ, చంకలో పెట్టుకుని పరిగెత్తేది ఎక్కువ. మనుషులు భుజాల మీద దిళ్ళలాంటివి కట్టుకుని, నెత్తిన హెల్మెట్లు పెట్టుకుని వరసగా వంగుంటారు. ఒకడు అంకెలు అరుస్తాడు. అందరూ ఒకరి మీద ఒకరు పడతారు. లేచి మళ్ళీ వంగుంటారు. ఎవరు గెలుస్తున్నారో తెలియదు. కానీ సగం ఆటకు ఓడిపోతున్న జట్టును ఇనప అల్మారాల గదిలో నిలబెట్టి ఒక ముసలి కోచ్ మాట్లాడతాడు. తాగుడుకు పాడైపోయి మళ్ళీ బాగుపడిన మనిషి. ఆ మాటలకు నాకూ కళ్ళు తడుస్తాయి. చివరి నిమిషంలో ఒక కుర్రవాడు దోసకాయతో పరిగెడతాడు, నెమ్మదిగా, నీళ్ళలో నడిచినట్టు. పోయిన తండ్రో అన్నో వాడికి కనిపించి చెయ్యెత్తుతాడు. అయిపోతుంది. నేను ముక్కు చీది పొయ్యి దగ్గరికి వెళ్తాను.

చంద్రభాను గారు అలా వెళ్ళలేదు. కాగితం, కలం తెప్పించుకున్నారు.

కామెర్లు తగ్గిన మర్నాడే ఆయన కోచ్‌లనూ పిల్లల ఇంటివాళ్ళనూ పిలిచి సమావేశం పెట్టారు. నేనూ వెళ్ళాను.

"సదరు అమెరికా క్రీడ యొక్క నియమ నిబంధనలు మాకు లేశమాత్రమైనను బోధపడలేదు," అన్నారాయన. "అయినప్పటికీ మాకు పదకొండు పర్యాయములు కన్నీరు వచ్చినది. మన కబడ్డీ నియమములు మాకు సంపూర్ణముగా తెలియును. ఒక్క పర్యాయమైనను కన్నీరు రాలేదు. దీనినిబట్టి తేలినదేమనగా, ప్రజలకు క్రీడతో నిమిత్తము లేదు. క్రీడ చుట్టూ ఉన్నదానితోనే నిమిత్తము."

ఎవరూ కాదనలేదు. అందులో కాదనడానికి ఏముందో ఎవరికీ తోచలేదు.

వారం తిరగకుండా 'తెర ప్రమాణాల ఉత్తర్వు' అనే తొమ్మిది పేజీల కాగితం వచ్చింది. మా వీధిలో అటువంటివి నేనే చదివి చెబుతాను. నేను బడికి పోలేదు. సినిమా గోడపత్రికల మీద అక్షరాలు కూడబలుక్కుని నేర్చుకున్న చదువు నాది. కాబట్టి ఈ ఉత్తర్వు నాకు ఇట్టే అర్థమైంది. ఇకమీదట జిల్లాలో ఏ పోటీ అయినా తెర మీద జరిగినట్టే జరగాలి. సగం ఆటకు వెనకబడిన జట్టే చివరికి గెలవాలి. విరామంలో కోచ్ ఇనప అల్మారాల ముందు నిలబడి నాలుగు నిమిషాలకు తగ్గకుండా మాట్లాడాలి. పిల్లలు ఎడమ చంకలో హెల్మెట్ పట్టుకుని వినాలి. చివరి కూత స్లో మోషన్‌లో సాగాలి. ఆ కూతకు వెళ్ళే పిల్ల తన ఆప్తుల్లో ఒకరినైనా పోగొట్టుకుని ఉండాలి. రాష్ట్ర జట్టుకు ఎంపిక చేసే పెద్దమనిషి చివరి పది నిమిషాలకే వస్తారు. చివరి కూతకు వెళ్ళిన పిల్లనే చూస్తారు.

ఈ ఆఖరి మాట దగ్గర నా వేలు ఆగిపోయింది. తులసి రెండేళ్ళుగా ఎదురుచూస్తున్నది ఆ రాష్ట్ర జట్టు కోసమే. పద్దెనిమిది నిండితే ఆ జట్టులోకి తీసుకోరు. నిండడానికి నాలుగు నెలలుంది.

అల్మారాలు పశువుల ఆసుపత్రి నుంచి వచ్చాయి. తులసికి ఇచ్చినదాని మీద 'గాలికుంటు టీకాలు' అని ఎర్ర రంగుతో రాసి ఉంది. కబడ్డీకి హెల్మెట్ ఎందుకని కోచ్ అడిగితే, తలకు పెట్టుకోవడానికి కాదు, చంకలో పట్టుకోవడానికని సమాధానం వచ్చింది. ఆఫీసులో బళ్ళున్న ఏడుగురు గుమాస్తాల హెల్మెట్లు తెచ్చి పిల్లలకిచ్చారు. ఆ సాయంత్రమే ఆ ఏడుగురినీ హెల్మెట్ లేదని పోలీసులు ఆపారు.

మా పిల్లల కోచ్ షేక్ మస్తాన్ గారు ఏడాదికి నలభై మాటలు మాట్లాడే మనిషి. అందులో ముప్పై సార్లు 'కాలు చూడు' అనే అంటారు. ఆయన్ను చంద్రభాను గారు తన గదికి పిలిపించి, మీ గతం ఏమిటని అడిగారట.

"హైస్కూల్లో చేశాను సార్."

"అది కాదు. పతనము. మద్యపానము వగైరా."

"టీ కూడా తాగను సార్."

"జీవితములో ఎన్నడూ పడిపోలేదా?"

మస్తాన్ గారు చాలాసేపు ఆలోచించారు. "ఒకసారి సైకిల్ మీద నుంచి పడ్డాను సార్."

చంద్రభాను గారు తృప్తిగా తల ఊపి ఫైలులో రాసుకున్నారు. 'ఒక పర్యాయము పతనమై, స్వశక్తితో లేచినారు.'

ఇక పిల్లలందరూ వియోగ ధ్రువీకరణ పత్రం తెచ్చుకోవాలన్నారు. నేనూ మా అమ్మాయి శేషారత్నమూ తులసిని వెంటబెట్టుకుని ఆఫీసుకు వెళ్ళాం. మా ముందు వరసలో ఉన్న పిల్ల తన పెయ్యదూడ పోయిందని రాసిచ్చింది. దూడ ఆప్తుల కిందికి వస్తుందో రాదో తేల్చమని దాన్ని పై కమిటీకి పంపారు. మా వంతు వచ్చాక గుమాస్తా సుబ్బరాయుడు మా ఇంటి వివరాలు రాయడం మొదలుపెట్టాడు. తండ్రి లారీల షెడ్డులో మెకానిక్. తల్లి ఇదిగో. అన్న ఐటీఐ చదువుతున్నాడు. అమ్మమ్మను నేనిదిగో. రాసేకొద్దీ అతని ముఖం వాడిపోయింది.

"ఏంది పెద్దమ్మా, ఒక్కళ్ళు కూడానా?" అన్నాడు. "పోనీ, చెప్పకుండా ఎటన్నా ఎల్లిపోయినోళ్ళు?"

అటువంటివాళ్ళూ లేరన్నాను. పిల్ల తాత పోయాడు, ముప్పై ఏళ్ళయింది, ఆయన పనికివస్తాడేమో చూడమన్నాను. అతను ఉత్తర్వు తిరగేశాడు. ఏడో పేజీలో ఉంది. పరిచయం లేనివారి వియోగం పరిగణనలోకి తీసుకోబడదు. తులసి పుట్టకముందే పోయాడు కాబట్టి తాత చెల్లడు. నాకు మాత్రం ఆయన ముప్పై ఏళ్ళుగా చెల్లుతూనే ఉన్నాడు. కడుపులో నొప్పని పొద్దున్నే తన కాళ్ళతో తాను నడుచుకుంటూ ఆసుపత్రికి వెళ్ళిన మనిషి, నన్ను గేటు దగ్గరే ఉండమన్నాడు. సాయంత్రం దాకా ఉన్నాను. ఆ సంగతి రాయడానికి దరఖాస్తులో గడి లేదు.

సుబ్బరాయుడు మంచివాడు. కలం కింద పెట్టి నా వైపు చూశాడు. నా తెల్ల జుట్టు చూశాడు. చేతికర్ర చూశాడు.

"నీ వయసెంత పెద్దమ్మా?"

"డెబ్బై నాలుగు."

"ఊఁ," అన్నాడు, ఇందులో అన్యాయమేమీ లేదన్నట్టు.

మా అమ్మాయికి కోపం వచ్చింది. ఇట్టాంటి మాటలు పొద్దున్నే వినాలా అని కుర్చీలోంచి లేచింది. నేను తులసి ముఖం చూశాను. అది గోడ మీది క్యాలెండర్ వైపు చూస్తోంది. నాలుగు నెలలు. నాకు చిన్నప్పటి నుంచీ ఉన్న భయం ఒక్కటే, నావాళ్ళు నన్ను విడిచి పోతారని. నేనే పోవడం గురించి ఎప్పుడూ అంతగా ఆలోచించలేదు. ఆలోచిస్తే పెద్ద కష్టంగా కూడా కనిపించలేదు.

"రాసుకో నాయనా," అన్నాను.

"అమ్మమ్మా, నువ్వు చచ్చిపోతే నేను ఆడను," అంది తులసి.

"కాగితం మీదేనే."

"కాగితం మీద కూడా వద్దు."

"పిచ్చిదానా, నేను నిజంగా పోయేనాటికి నీ వయసు దాటిపోయిద్ది. అప్పుడు నా చావు దేనికి పనికొచ్చిద్ది?"

తులసి మళ్ళీ క్యాలెండర్ వైపు తిరిగింది. సుబ్బరాయుడు చక్కటి దస్తూరీతో రాశాడు. కీర్తిశేషురాలు పసుపులేటి ఆదెమ్మ. కారణం, వృద్ధాప్యం. చివరి కోరిక, మనవరాలు రాష్ట్ర జట్టులో ఆడుట. అంత అందంగా నా పేరు ఎవరూ ఎప్పుడూ రాయలేదు. ఆ తర్వాత అల్మారాలో అతికించడానికి ఫొటో తీయించుకు రమ్మన్నారు. ఫొటో స్టూడియో అతను దండ వేసి, నవ్వమాక పెద్దమ్మా, పోయినోళ్ళు నవ్వరు అన్నాడు. కదలకుండా కూర్చోవడం నాకు బాగానే వచ్చింది.

ఫైనల్ పోటీ మాకూ రేవులపాడు జట్టుకూ పడింది. పోయినవాళ్ళు ఆటస్థలం చుట్టుపక్కల సంచరించరాదని ఉత్తర్వులో స్పష్టంగా ఉంది. ఆ సంగతి చదివినదాన్ని నేనే. అయినా ఇంట్లో కూర్చోలేకపోయాను. తులసి చివరి కూతకు వెళ్తుంది, నేను చూడకపోతే అది తిరిగి రాదన్న దిగులు పట్టుకుంది. ఎండ ఎక్కేసరికి గేటు దగ్గరికి చేరాను. అక్కడ అప్పటికే చాలామంది ఉన్నారు. తాతలూ, నాన్నలూ, మేనత్తలూ, ఒక పెళ్ళికాని మేనమామ. అందరివీ దండలు వేసిన ఫొటోలు లోపల అతికించి ఉన్నాయి కాబట్టి వాచ్‌మన్ ఒక్కొక్కరినీ గుర్తుపట్టి ఆపేశాడు. రెండు జట్లలో కలిపి పధ్నాలుగు మంది పిల్లలు, పధ్నాలుగు వియోగాలు. అందులో నిజంగా పోయింది ఆ పెయ్యదూడ ఒక్కటే.

గొడవ పెద్దదై చంద్రభాను గారు వచ్చారు. ఆయన కోపగించుకోలేదు. గడ్డం నిమురుకుంటూ కాసేపు ఆలోచించి, తెర మీద చనిపోయినవారు క్రీడను చూడనే చూడరా అని తనను తానే ప్రశ్నించుకున్నారు. "చూచెదరు," అని జవాబు కూడా ఆయనే చెప్పారు. "పైనుండి చూచెదరు." దాంతో మమ్మల్ని పెవిలియన్ డాబా పైకి ఎక్కించమన్నారు. అరగంటలో అట్టముక్క మీద రాయించి మెట్ల దగ్గర వేలాడదీశారు. 'దివంగతుల గ్యాలరీ. ఇతరులకు ప్రవేశము లేదు.'

కింద ప్రేక్షకులకు మజ్జిగ పంచుతున్నారు. పైకి కూడా పంపమని మేం అడిగాం. పోయినవాళ్ళకు పంపాలంటే ముందు కాకి ముట్టాలేమో అని కింద ఎవరికో సందేహం వచ్చింది. ఆ సందేహం చంద్రభాను గారి దాకా వెళ్ళి తిరిగి వచ్చేసరికి బిందె ఖాళీ అయింది.

నా పక్కన బలంగా, నల్లగా, నలభై ఐదేళ్ళ మనిషి కూర్చున్నాడు. పేరు పోలయ్య. రేవులపాడు జట్టు కెప్టెన్ నూకరత్నానికి తండ్రి. సముద్రంలో వేటకు పోతాడు. ముఖం ముడుచుకుని ఉన్నాడు.

"నువ్వు దేంతో పోయావ్ పెద్దమ్మా?" అని అడిగాడు.

"ముసలితనం నాయనా. మరి నువ్వు?"

"నన్ను ముంచారు," అన్నాడు. "రేవు మొత్తం మీద నాకన్నా ఈదేవోడు లేడు. నన్ను ముంచేశారు. గుండె నొప్పని రాసుకోండయ్యా, ఇది పరువు సంగతి అన్నా వినలా. మునగడమైతే శవం కూడా దొరకదు, బరువుగా ఉంటదన్నాడు గుమాస్తా."

ఏం చేస్తాం, పిల్లల కోసం కదా అన్నాను. అందుకే గదా మునిగింది అన్నాడు.

ఆట మొదలైంది. సగం ఆటకు వెనకబడిన జట్టే గెలవాలన్న నియమం రెండు జట్లకూ తెలుసు. కాబట్టి రెండు జట్లూ వెనకబడడానికే దిగాయి. మా పిల్ల ఒకతి కూతకు వెళ్ళి వాళ్ళ నడుమ చేతులు కట్టుకుని నిలబడింది. పట్టుకోరేమే అని వాళ్ళను బతిమాలింది. వాళ్ళు దూరంగా జరిగారు. వాళ్ళ పిల్ల వచ్చి తనంతట తనే గీత బయట కాలు పెట్టింది. ఆ వెంటనే మా పిల్ల వెళ్ళి రెండు కాళ్ళూ పెట్టింది. ఇలా మర్యాదలు జరుగుతుండగా తులసి వంతు వచ్చింది. అది వెళ్ళింది, నలుగురిని తాకింది, వచ్చేసింది. నేను డాబా మీద తల పట్టుకున్నాను. తర్వాత అడిగితే, నేనేం చెయ్యను అమ్మమ్మా, కాలు ఊరుకోలా అంది.

విరామానికి మేం నాలుగు పాయింట్లు ముందున్నాం. అంటే నియమం ప్రకారం మేం ఓడాలి. చివరి కూత నూకరత్నానిది. పోలయ్య ముఖం మొదటిసారి విప్పారింది.

కింద చంద్రభాను గారు చెమటలు తుడుచుకుంటున్నారు. కోచ్ ఓడిపోతున్న జట్టుకు అల్మారాల ముందు ప్రసంగం చేయాలి. అల్మారాలు మా పిల్లల గదిలో ఉన్నాయి. పశువుల ఆసుపత్రి నుంచి తేవడానికే పన్నెండు మంది పట్టారు, వాటిని ఇప్పుడు అవతలి గదికి మార్చడం అయ్యే పని కాదు. ఆయన ఒక్క నిమిషం అల్మారాల వైపు చూశారు. ఒక్క నిమిషం స్కోరు బోర్డు వైపు చూశారు. బోర్డు తేలిక. ఇద్దరు మనుషులు నిచ్చెన వేసి జట్ల పేర్లు అటుదిటు, ఇటుదటు తగిలించారు. నా మనవరాలు తెచ్చిన నాలుగు పాయింట్లూ అలా రేవులపాడు వాళ్ళవయ్యాయి. మేం వెనకబడ్డాం. ఇక గెలవక తప్పదు.

"ఇదేం లెక్క పెద్దమ్మా? వెనకున్నది మా పిల్ల గదా," అన్నాడు పోలయ్య.

బోర్డు చూడమన్నాను. చూశాడు. చాలాసేపు చూసి, మునిగినోడి మాట ఎవడింటాడులే అని వేరుశనగకాయలు వలుచుకోవడం మొదలుపెట్టాడు.

గదిలో ఏం జరిగిందో తులసి తర్వాత చెప్పింది. ఏడుగురు పిల్లలూ చంకలో హెల్మెట్లు పెట్టుకుని నిలబడ్డారు. గాలికుంటు టీకాల తలుపు తెరిచి ఉంది, దాని లోపల దండతో నేనున్నాను. చంద్రభాను గారు గడియారం పట్టుకుని, మస్తాన్ గారిని కానివ్వమన్నారు. మస్తాన్ గారు నోరు తెరిచారు. మూశారు. పిల్లలందరి కాళ్ళూ ఒకసారి చూశారు. మూడు నిమిషాల యాభై సెకన్లు అలా గడిచాక, తులసితో "ఊపిరి దాచుకో" అన్నారు. సమయం అయిపోయింది. మౌనం భావోద్వేగం కిందికే వస్తుందని చంద్రభాను గారు పక్కన రాసుకున్నారు.

రెండో సగంలో విచిత్రం జరిగింది. పేర్లు మారిపోయాక ఎవరు గెలవాలో ఎవరు ఓడాలో పిల్లలకు గందరగోళమైపోయి, ఆడడం మొదలుపెట్టారు. నూకరత్నం కోపంతో ఆడింది. వచ్చి ఇద్దరిని తీసుకుపోయేది. తులసి వెళ్ళి ముగ్గురిని తెచ్చేది. అటువంటి ఆట నేను ఆ మైదానంలో చూడలేదు. కింద కూర్చున్న జనం కూడా చూడలేదు. ఏడుపు ఎప్పుడొస్తుందా అని ఎదురుచూస్తూ వాళ్ళు ఫోన్లలో సినిమాలు చూసుకుంటున్నారు. డాబా మీద మేం పదమూడుగురం పోయినవాళ్ళం మాత్రం పిట్టగోడ పట్టుకుని ఒళ్ళు మరిచిపోయి చూశాం. మేనమామ ఈల వేశాడు.

చివరి పది నిమిషాలకు ఎంపిక చేసే పెద్దమనిషి కారు దిగారు. బోర్డు మీద మేం ఒక్క పాయింటు వెనక. చివరి కూత తులసిది. అప్పుడు సుబ్బరాయుడు రొప్పుతూ డాబా ఎక్కాడు.

"పెద్దమ్మా, నువ్వు ప్రత్యక్షం కావాల," అన్నాడు.

ఎనిమిదో పేజీ, చివరి కూత సమయంలో దివంగతులు కనిపించి చెయ్యెత్తవలెను. మాట్లాడరాదు. పోలయ్య నా చేయి పట్టుకుని, మెట్లు జాగర్త పెద్దమ్మా, పడిపోతావు అని సగం దాకా దింపాడు. కింద నాకు తెల్ల చీర చుట్టారు. రేవులపాడు వాళ్ళ వైపు చివరి గీత అవతల నిలబెట్టారు. మున్సిపాలిటీ దోమల పొగ యంత్రం వచ్చి నా చుట్టూ పొగ కొట్టింది.

"ఇప్పుడు మందగమనము ప్రారంభమగుచున్నది," అని మైకులో వినిపించింది. "క్రీడాకారిణులు, నిర్ణేతలు, గడియారము సహకరించవలసినదిగా కోరుచున్నాము."

అంతా నెమ్మదించింది. రిఫరీ ఈలను నోటి దగ్గరికి తీసుకుపోవడానికే చాలాసేపు పట్టింది. రేవులపాడు పిల్లలు మోకాటి లోతు బురదలో ఉన్నట్టు కదిలారు. తులసి కబడ్డీ కబడ్డీ అంటూ ఒక్కో అడుగూ గాలిలో ఆపి ఆపి వేస్తూ వచ్చింది. ముప్పై సెకన్లలో ముగియవలసిన కూత నిమిషం దాటింది. గడియారం సహకరిస్తోంది. ఊపిరికి మాత్రం ఉత్తర్వు అందలేదు. కూత మధ్యలో తెగితే ఆట పోతుంది. తులసి మెడ నరాలు ఉబ్బాయి. పెదాలు నల్లబడ్డాయి. కూత సన్నబడి, నా దాకా గొణుగుడులా వస్తోంది. దాని వెనక నూకరత్నం చేతులు చాచుకుంటూ, నెమ్మదిగా, దారి మూసేస్తోంది.

నేను చెయ్యెత్తి నిలబడ్డాను. బస్టాండుల్లో, రైలు ప్లాట్‌ఫారాల మీద, ఆ ఆసుపత్రి గేటు దగ్గర నేను చేసిందల్లా అదే. చెయ్యెత్తి, నోరు మూసుకుని నిలబడడం. నిలబడితే ఎవరూ వెనక్కి రాలేదు.

"తులసీ," అన్నాను. "పరిగెత్తవే."

అది పరిగెత్తింది. ఒక పిల్ల భుజం తాకి, గిర్రున తిరిగి నడిమి గీత వైపు దూకింది. మిగతావాళ్ళు చేతులు సగం చాచి ఉత్తర్వులోనే ఉండిపోయారు. నూకరత్నం ఒక్కతే ఉత్తర్వు వదిలేసి ఒక్క దూకు దూకి తులసి చీలమండ పట్టింది. ఇద్దరూ మట్టిలో పడ్డారు. నూకరత్నం లాగుతోంది, తులసి పాకుతోంది. ఇంకా కూత వినిపిస్తోంది. తులసి మధ్యవేలు గీతకు తగిలింది. తాకిన పిల్లకొకటి, పట్టిన పిల్లకొకటి, రెండు పాయింట్లు.

పోయినవాళ్ళ కేకలు డాబా మీద నుంచి మొదలయ్యాయి. అందరికన్నా పెద్ద గొంతు పోలయ్యది. ఇద్దరి పేర్లూ కలిపి అరుస్తున్నాడు.

విచారణ ఆ సాయంత్రమే జరిగింది. దివంగతురాలు మాట్లాడినందుకు ఆట చెల్లదని ఒక ఫిర్యాదు. చంద్రభాను గారు తన నోట్సు తీసి, తెర మీద మృతులు మాట్లాడిన సందర్భాలు ఉన్నాయని, అయితే గొంతు ప్రతిధ్వనించాలని చెప్పారు. ఆదెమ్మ గొంతు ప్రతిధ్వనించిందా అని సుబ్బరాయుడిని అడిగారు. జనం పలచగా ఉన్న మైదానంలో ఎవరు మాట్లాడినా ప్రతిధ్వనిస్తుంది సార్ అన్నాడతను. అది సరిపోయింది. మందగమనం మధ్యలో ఇద్దరు పిల్లలు పరుగెత్తిన సంగతి ఇంకా మిగిలింది. దానికి ఎంపిక పెద్దమనిషి అభిప్రాయం అడిగారు.

"నేనేమీ చూడలేదు," అన్నారాయన, జేబురుమాలుతో కళ్ళొత్తుకుంటూ. "అంతా పొగ. కానీ కన్నీళ్ళు మాత్రం ఆగడం లేదు."

తెర ప్రమాణం నెరవేరినట్టు చంద్రభాను గారు ప్రకటించారు. పెద్దమనిషి కళ్ళు మండుతూనే ఇద్దరి పేర్లూ రాసుకున్నారు. పొగలో ఏ పిల్ల ఏదో తేలలేదు కాబట్టి తులసినీ తీసుకున్నారు, నూకరత్నాన్నీ తీసుకున్నారు.

రాష్ట్ర జట్టు శిక్షణ నలభై రోజులు. నేను బతికే ఉన్నానని మళ్ళీ రాయించుకుందామని సుబ్బరాయుడి దగ్గరికి వెళ్ళాను. ఫైలు పిల్లతో పాటు శిక్షణకు పోతోంది, దాన్ని పట్టుకుని నేనూ పోతున్నా పెద్దమ్మా, అది తిరిగొచ్చేదాకా ఓపిక పట్టు అన్నాడు. బస్టాండుకు మాత్రం రావద్దని, పై అధికారులు ఉంటారని, ఫైలుకూ మనిషికీ పొంతన ఉండాలని రెండుసార్లు చెప్పాడు.

అయినా వెళ్ళాను. పార్సిల్ ఆఫీసు గోడ వెనక నిలబడ్డాను. అక్కడ పోలయ్య ముందే ఉన్నాడు. మునిగినోడు బస్టాండులో కనపడితే బాగోదంట అన్నాడు.

చంద్రభాను గారి ప్రసంగం, దండలు, హెల్మెట్లతో ఫొటో అన్నీ అయ్యాయి. శేషారత్నం కిటికీ కింద నిలబడి కళ్ళు తుడుచుకుంటోంది. ఇన్నేళ్ళలో ఎవరు వెళ్ళినా అక్కడ నిలబడింది నేనే, చెప్పవలసినవన్నీ చెప్పింది నేనే. ఈసారి గోడ వెనక ఉన్నాను. ఫైలు ప్రకారం వెళ్ళిపోయినదాన్ని నేను. ఆ పిల్ల మిగిలిపోయినది. అలా అనుకుంటే దిగులు కొంచెం తగ్గింది. కానీ కాళ్ళు గోడ చివరి దాకా జరుగుతూనే ఉన్నాయి.

బస్సు మలుపు తిరిగేటప్పుడు తులసి నన్ను చూసింది. కిటికీలోంచి నడుము దాకా బయటికి వంగింది. లోపల నుంచి సుబ్బరాయుడి గొంతు వినిపించింది, పోయినోళ్ళతో మాట్లాడకూడదమ్మా అని. అది వినిపించుకోలేదు. ఏడుస్తోందో నవ్వుతోందో నాకు దుమ్ములో తెలియలేదు.

"అమ్మమ్మా, జాగర్తగా పో," అని అరిచింది. "చేరంగానే ఫోన్ చెయ్యి."

మా ఇల్లు బస్టాండుకు నాలుగు వీధుల అవతల. చేరగానే చేశాను.